ప్రహ్లాద భక్తి విజయము - శ్రీ త్యాగరాజస్వామి చరిత్రము

నల్లమల కొండలకు పడమటి వైపున వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో పుట్టిన బిడ్డకు ప్రహ్లాదుని కథ వేరుగా చెప్పనక్కరలేదు. అహోబిల యాత్ర చేసివచ్చిన పెద్దలు తెచ్చిన ప్రసాదముతోపాటే ఆ కథయు ఇల్లు చేరును. ఎగువ అహోబిలమున గుహలో వెలసిన ఉగ్రమూర్తిని సేవించి, అంతకు పైనున్న ఉగ్రస్తంభమును చూచిన యాత్రికులు భయభక్తులతో కొండ దిగుదురు. దిగువ అహోబిలమున లక్ష్మీసమేతుడై శాంతుడై కొలువున్న ప్రహ్లాదవరదుని సన్నిధిలో సేద దీరుదురు. స్వామి ఒక్కడే. అక్కడ స్తంభమును చీల్చిన కోపము, ఇక్కడ బిడ్డ తల నిమిరిన చేయి.

ఆ నల్లమలకే ఆవలి ప్రక్కన, కంభము ప్రాంతమున, కాకర్ల యను గ్రామము కలదు. పూర్వము కర్నూలు జిల్లాలోనిదైన ఆ సీమ 1970లో ప్రకాశం జిల్లాలో కలిసినది. శ్రీ త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. వారి పూర్వులు ఈ గ్రామమునుండియే దక్షిణమునకు తరలిపోయిరని పెద్దలు చెప్పుదురు. విజయనగర వైభవము 1565లో అస్తమించిన పిమ్మట తెలుగు కుటుంబములనేకము తంజావూరు నాయకరాజుల ఆదరమును కోరి కావేరీ తీరమునకు వలసపోయినవి. అచ్యుతప్ప నాయకుడు మేలట్టూరు మొదలగు అగ్రహారములను తెలుగు బ్రాహ్మణులకు దానము చేసెను. అట్లు పోయినవారు పొలములను విడిచిరి, ఇండ్లను విడిచిరి. భాషను మాత్రము విడువలేదు. చుట్టును అరవము మాటలాడు జనుల నడుమ రెండు మూడు తరములు గడచిన తరువాత కూడ ఆ ఇండ్లలో ఉదయమున పోతన భాగవతము, సాయంకాలమున తెలుగు కీర్తన వినబడుచునే యుండెను.

అట్టి ఇంటిలో కాకర్ల రామబ్రహ్మమను రామభక్తుడుండెను. ఆయన భార్య సీతమ్మ. వారికి 1767లో, సర్వజిత్ సంవత్సర చైత్ర శుద్ధ సప్తమి నాడు, పుష్యమీ నక్షత్రమున, తిరువారూరులో ఒక కుమారుడు కలిగెను. ఆ క్షేత్రస్వామి త్యాగరాజు. ఆయన పేరే బిడ్డకు పెట్టిరి. శివుని పేరు మోసిన ఆ బాలుడు జీవితమంతయు రాముని పేరు పలికెను. దీనిని వింతగా చెప్పుకొనువారు కలరు గాని, ఆ కాలపు గృహస్థులకు ఇందులో వింత ఏమియు తోచలేదు.

రామబ్రహ్మము పిదప తిరువైయారునకు కాపురము మార్చెను. పంచనదక్షేత్రమని పేరుపడిన ఆ ఊరిలో కావేరి ఇంటికి చేరువనే పారుచుండును. రామబ్రహ్మము రామాయణ ప్రవచనము చేయునప్పుడు శ్లోకములను చదువు పని బాలునిదిగా ఉండెడిదట. వాల్మీకి శ్లోకము అట్లు ఆయన చెవిలో మొదటినుండి నిలిచెను. తల్లి పురందరదాసు పాటలు, భద్రాచల రామదాసు కీర్తనలు పాడెడిది. ఇక పోతన మాట చెప్పవలెనా? ఆ ఇంటిలో తెలుగు భాగవతము నిత్యపారాయణ గ్రంథము.

పోతన పదునైదవ శతాబ్దివాడు. ఓరుగల్లువారు బమ్మెర మాదందురు; ఒంటిమిట్టవారు కాదు, మావాడందురు. పద్యము నాలుకమీద నిలిచినవానికి ఆ తగవుతో పనిలేదు. ఆ కవి తన గ్రంథమును రాజులకు అంకితమీయక శ్రీరామచంద్రునికే సమర్పించెను. భాగవతము వ్రాయుమని తన్ను నియోగించినవాడు రాముడే యని అవతారికలో చెప్పుకొనెను. కృష్ణకథను రాముడు చెప్పించుట, దానిని రామునికే అర్పించుట: ఈ రెండు విషయములు త్యాగరాజస్వామి మనసునకు ఎంత నచ్చినవో ఆయన నడిచిన దారియే చెప్పును.

సంగీతమునకు గురువు శొంఠి వేంకటరమణయ్య. ఆయన తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. శిష్యుని విద్యను చూచి గురువు పొంగిపోయెననియు, తన ఇంటిలో విద్వాంసుల సభలో పాడించెననియు, ఆ కీర్తి రాజునకు చేరెననియు చెప్పుదురు. నాడు తంజావూరును ఏలుచున్నవాడు శరభోజి మహారాజు. ఆయన సంగీత సాహిత్యములెరిగినవాడు, పుస్తకములను ప్రాణమువలె చూచినవాడు. అట్టివాడు పిలుచుట అవమానము కాదు, గౌరవమే. అయినను స్వామి పోలేదు. నిధి ఎక్కువ సుఖమా, రాముని సన్నిధి ఎక్కువ సుఖమా యని కల్యాణి రాగమున తన మనసునే ప్రశ్నించుకొన్నారని లోకమెరుగును. ఉంఛవృత్తియే జీవనమయ్యెను. తంబుర చేత బట్టి, రామనామము పాడుచు వీథులలో నడచి, గృహిణులు పాత్రలో వేసిన బియ్యముతోనే శిష్యులకు, అతిథులకు అన్నము పెట్టుచుండిరి.

రాజు ఇచ్చెదనన్న ధనమును కాదనుట ఒంటరివానికి సులభము. ఇంటిలో ఇతరులున్నప్పుడు ఆ కాదనుట వారి కంచములోని అన్నమును కూడ తాకును. ఇది పౌరాణికులు త్వరగా దాటిపోవు స్థలము. స్వామి అగ్రజుడు జపేశుడు లోకవ్యవహారమెరిగినవాడు. తమ్ముడు తెచ్చిన దారిద్ర్యమును అతడు సహింపలేకపోయెను. అన్నదమ్ములు వేరుపడిరి. అంతటితో ఆగక అతడు తమ్ముడు పూజించు రామవిగ్రహములను ఒకనాటి రాత్రి కావేరిలో పడవేసెనని సంప్రదాయము. స్వామి ఉన్మత్తునివలె వెదకిరి, ఏడ్చిరి, పాడిరి. పిమ్మట స్వప్నమున స్థలము తెలిసి, ఇసుకలో విగ్రహములు దొరకెనని చెప్పుదురు. అన్నగారి వలన కలిగిన బాధ కొన్ని కీర్తనలలో సూచితమై యున్నది.

ఈ ఘట్టమును మనసులో నుంచుకొని ప్రహ్లాద భక్తి విజయమును చదువవలెను.

త్యాగరాజస్వామి కీర్తనములను విననివారు తెలుగునాట అరుదు. పంచరత్నములు ఏటేట వేలమంది కలిసి పాడుదురు. కాని ఆయన గేయనాటకములు రచించినారన్న సంగతి అనేకులకు తెలియదు. ప్రహ్లాద భక్తి విజయము అయిదంకముల నాటకము. అందు 45 కీర్తనలు 28 రాగములలో కలవు. కీర్తనకు కీర్తనకు నడుమ కందములు, సీసములు, వృత్తములు, ద్విపదలు, వచనములు కూర్పబడినవి. రెండవది నౌకాచరిత్రము. అది ఒకే అంకము. 21 కీర్తనలు, 13 రాగములు. సీతారామవిజయమని మూడవది కూడ రచించిరని చెప్పుదురు, అది నష్టమైనది.

ప్రహ్లాద నాటకము తంజావూరు సీమకు క్రొత్త కాదు. మేలట్టూరి భాగవతులు నృసింహ జయంతి ఉత్సవమున తెలుగులో ప్రహ్లాదచరిత్రమును ఆడుదురు. త్యాగరాజస్వామి సమకాలికుడైన మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన నాటకమది. అందు హిరణ్యకశిపుడు మీసము మెలివేయుచు వచ్చును. తండ్రికొడుకుల వాదము పెరుగును. తుదకు నృసింహుని ముఖపటము ధరించినవాడు ఆవేశముతో రంగమున వెలువడును. ఆ ముఖపటము గుడిలో పూజలందునది. చూచువారికి ఒళ్లు గగుర్పొడుచును.

స్వామి నాటకమున ఇదేమియు లేదు. హిరణ్యకశిపుడు రంగమునకే రాడు. గద లేదు, స్తంభము లేదు, గోళ్లు లేవు. తెర తీయునప్పటికి తండ్రి చేయదగిన క్రూరకృత్యములన్నియు జరిగిపోయినవి. నాగపాశములతో కట్టబడి, సముద్రమున త్రోయబడిన బాలుడు మాత్రము మన యెదుట నుండును. సముద్రుడు రాజై వచ్చి ఆ బిడ్డను చూచి తల్లడిల్లును. గరుత్మంతుని పిలుచు పాట హుసేని రాగమున వినబడును, పాములు తొలగును. నారదుడు వచ్చును, బ్రహ్మ వచ్చును. శ్రీహరి ప్రత్యక్షమగును, బాలునితో ముచ్చటించును, మరల కనుమరుగగును. అక్కడినుండి నాటకమంతయు ఆ ఎడబాటే. తుదకు స్వామి మరల దర్శనమిచ్చును.

కథను ఇట్లు మలచుటకు ఆధారమేది? భాగవత సప్తమ స్కంధమున నీట ముంచుట శిక్షల వరుసలో ఒక మాటగా మాత్రమే పోవును. విష్ణుపురాణమున పరాశరమహర్షి దానిని విస్తరించి చెప్పెను. అక్కడ నాగపాశములతో కట్టి, సముద్రమున వేసి, మీద కొండలను పేర్చుదురు. ఆ చీకటిలో బాలుడు స్తుతి చేయును. కట్లు తెగి పైకి వచ్చిన తరువాత పీతాంబరధారియైన హరి ప్రత్యక్షమై వరములిచ్చును. ఆ పురాణమున నృసింహావిర్భావము ఒకటి రెండు మాటలతో ముగిసిపోవును. సంస్కృతము చదివినవారు కూడ దీనిని తరచు గమనింపరు. స్వామి కథాశరీరము ఈ మార్గమునకు చేరువ.

కథ పరాశరుని దారిలో నడిచినను ప్రహ్లాదుని నోటి మాట పోతనది. ఇక్కడ పండితులు పొరబడుట కలదు. పోతన పద్యమును తెచ్చి పాటగా మార్చెనని కొందరనుకొందురు. అట్లు కాదు. మాటను కాదు, మనసును తీసికొనెను. పోతన ప్రహ్లాదుడు వాదించునప్పుడు కూడ తండ్రిని ద్వేషింపడు. ఆటలాడుచున్నను, నవ్వుచున్నను, నిద్రించుచున్నను హరిని మరువడు. ఆ బాలునినుండి వాదమును తీసివేసి, శత్రువును తీసివేసి, స్మరణమును మాత్రము మిగిల్చినచో స్వామి నాటకములోని ప్రహ్లాదుడగును. దిక్పాలకులను గెలిచిన రాక్షసునికంటె ఒక్క ఘడియ కనబడని హరియే ఆ బిడ్డను ఎక్కువ ఏడిపించును.

పోతన యొక్కడే కాడు. ఈ నాటకము మొదట స్వామి వరుసగా పెద్దలకు మ్రొక్కిరి. తులసీదాసు, పురందరదాసు, భద్రాచల రామదాసు, జ్ఞానదేవుడు, నామదేవుడు, తుకారాము, జయదేవుడు, నారాయణతీర్థులు ఆ వరుసలోనివారు. అవధి, కన్నడము, తెలుగు, మరాఠి, సంస్కృతము - ఇన్ని భాషల భక్తకవులను ఒక తెలుగు నాటకపు గుమ్మమున నిలిపి నమస్కరించుట నాటకమెంత సత్సంగమో తెలుపును. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణి ఆ సీమలో అప్పటికే భజనలలో పాడబడుచుండెను. శ్లోకము, గద్యము, పాట కలిపి ఒక కథను నడుపు పద్ధతి అందులోనిదే.

నాటకము సౌరాష్ట్ర రాగమున గణపతి ప్రార్థనతో మొదలగును. పిమ్మట దౌవారికుడు వచ్చును. అనగా ద్వారపాలకుడు; సభను సర్దువాడు. అతడు వాసుదేవుని నామము పాడుచు కల్యాణి రాగమున ప్రవేశించును. నేటి సభలలో గాయకులు ఈ రెండు పాటలను పాడుచునే యున్నారు; కాని రెండవది ఒక కాపలావాని పాట యని వినువారిలో పదిమందికి తెలియునా? వరాళి రాగమున ప్రహ్లాదుడు తన జన్మమేల యని కుములు పాట, రీతిగౌళలో తన్ను విడిచిపోవలదని వేడుకొను పాట కూడ ఈ నాటకములోనివే. వీనిని విడదీసి పాడునప్పుడు విన్నవారు స్వామి తన కష్టమును చెప్పుకొన్నారని తలతురు.

అది పూర్తిగా తప్పని కూడ అనలేము. ప్రతి పాట తుది చరణమునను త్యాగరాజ నామము కలదు. పాడువాడు ప్రహ్లాదుడు; ముద్ర త్యాగరాజుది. సముద్రతీరమున ఏడ్చు బాలుని నోటినుండి తిరువైయారులోని ఉంఛవృత్తి బ్రాహ్మణుని పేరు వెలువడును. కావేరి ఇసుకలో విగ్రహములకై వెదకిన చేతులు ఈ పాటలు వ్రాసిన చేతులే. తన ఇంటిలో తన్ను బాధించినవాడు ఉండగా, బాధించినవానికి నాటకమున చోటే ఈయలేదు. హిరణ్యకశిపుని పాత్రను వ్రాయుటకు కావలసిన సామగ్రి ఆయనకు కొదువ కాదు. ఆయన దానిని వాడుకొనలేదు. స్వామి అహోబిల యాత్ర చేసినట్లు చరిత్రలలో కానరాదు. అయినను ఈ నాటకము ఎగువ కొండ నాటకము కాదు, దిగువ సన్నిధి నాటకము.

నౌకాచరిత్రము వేరు రుచిగలది. గోపికలు శ్రీకృష్ణునితో యమునలో పడవనెక్కుదురు. తామే పడవ నడుపుచున్నామని, కృష్ణుడు తమ అందమునకు దాసుడని గర్వింతురు. గాలివాన లేచును; పడవకు చిల్లి పడును. చీరలతో ఆ చిల్లిని మూయుడని కృష్ణుడు చెప్పును. గర్వము తొలగి వారు శరణనగానే గాలి శాంతించును. ఈ కథ పోతన భాగవతమున లేదు. పోతన గోపికలను మనసార ఎరిగినవాడు మాత్రమే ఇట్టి కథను అంత లలితముగా, అంత శుచిగా నడుపగలడు. జానపదుల పడవపాటల మెట్లు ఇందు వినబడును. చిన్నపిల్లలు ఆడుటకు కూడ తగిన నాటకమిది.

స్వామి గృహస్థాశ్రమమున దుఃఖములు తక్కువ కాలేదు. మొదటి భార్య పార్వతి సంతానము లేకయే గతించెను. ఆమె చెల్లెలు కమలాంబను పెండ్లాడిరి. సీతాలక్ష్మి యను కుమార్తె కలిగెను. ఆమె కుమారుడు చిన్నవయసుననే పోవుటతో వంశము నిలువలేదు. రామనామము తొంబదియారు కోట్లు జపించిరని శిష్యులు చెప్పుదురు. కాంచీపురమున నున్న ఉపనిషద్బ్రహ్మేంద్రులు తమ కడకు రమ్మని స్వామికి శ్రీముఖము వ్రాసిరి. ఆ పిలుపు నిమిత్తముగా వార్ధకమున స్వామి ఉత్తరయాత్రకు బయలుదేరిరి. కంచి చూచిరి, తిరుమల ఎక్కిరి. సన్నిధిలో తెర వేసియుండగా తమలోని మత్సరమను తెరను తీయుమని గౌళిపంతు రాగమున పాడిరని, తెర తొలగి దర్శనమైనదని, ఆ ఆనందమున మధ్యమావతిలో పాడిరని యాత్రికులందరు ఎరుగుదురు. చెన్నపట్టణము చేరువనున్న కోవూరులో, తిరువొత్తియూరులో, తిరుగు దారిలో లాల్గుడిలో, శ్రీరంగములో ఆయా దేవతలపై కృతులు రచించిరి.

కమలాంబ 1845లో స్వర్గస్థురాలయ్యెను. తమకు సమయమాసన్నమైనదని స్వామికి ముందుగనే తెలిసెనని చెప్పుదురు. తుదిదినములలో సన్న్యాసము స్వీకరించి నాదబ్రహ్మానందులైరి. పరాభవ సంవత్సర పుష్య బహుళ పంచమి నాడు, అనగా 1847 జనవరి 6వ తేదీన, శిష్యులు నామము పాడుచుండగా దేహమును వదలిరి. కావేరీ తీరమున సమాధి చేసిరి. కాలక్రమమున అది పొదలలో మరుగుపడగా, ఇరువదవ శతాబ్ది ఆరంభమున శిష్యపరంపరవారు దానిని బాగుచేసిరి. బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆస్తినంతయు వెచ్చించి దానిపై ఆలయము కట్టించెను.

స్వామి ఇరువది నాలుగు వేల కృతులు రచించిరని ప్రసిద్ధి. వాల్మీకి శ్లోకములు కూడ అన్నియే గదా. దొరకినవి సుమారు ఏడు వందలు. ఏ శిష్యుడు నేర్చినది ఆ శిష్యుని కంఠమున బ్రదికినది. ఒక్కొక్క కీర్తనమును నేర్చుట సులభము. అయిదంకముల నాటకమును, పద్యము పోకుండ, వరుస తప్పకుండ నిలుపుట సులభము కాదు. ఆ పని చేసినది వాలాజాపేట వేంకటరమణ భాగవతులు. ఆయన సౌరాష్ట్రుడు, 1781లో జన్మించి 1874 వరకు జీవించెను. అయ్యంపేటలో నుండగా ప్రతిదినము తిరువైయారునకు నడచివచ్చుచు, గురువుగారి పూజకు తులసిదళములు తెచ్చుచుండెను. చాలకాలము వట్టి తులసి తెచ్చు పిల్లవాడుగనే అందరు చూచిరట. ఆయన, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు, గురువు పాడినది పాడినట్లు వ్రాసిపెట్టిరి. తెలుగు మాతృభాష కాని ఇంటివారు తెలుగు కందములను, సీసములను యతిప్రాసలు చెడకుండ కాపాడిరి. తెలుగువారు ఇది తెలిసికొనవలెను.

వాలాజాపేట వ్రాతప్రతులు పిమ్మట మధురలోని సౌరాష్ట్రసభకు చేరినవి. స్వామి పారాయణ చేసినదని చెప్పబడు పోతన భాగవత తాళపత్రప్రతియు, ఉపనిషద్బ్రహ్మేంద్రుల శ్రీముఖమును ఆ వ్రాతలతోపాటు అక్కడనే భద్రపరుపబడినవి. కాకర్లనుండి కావేరికి, కావేరినుండి మధురకు ఆ భాగవతము పోయిన దారి పొడవైనది.

సౌరాష్ట్రమున మొదలైన నాటకము సౌరాష్ట్రముననే ముగియును. స్వామి నామరూపములకు మంగళము పలుకు ఆ తుదిపాట నేడు కచేరీల చివర, భజనల చివర, పెండ్లిండ్లలో, పూజాగృహములలో హారతి వెలుగుచుండగా పాడబడుచున్నది. ప్రహ్లాదునికి హరి మరల కనబడిన క్షణమున వచ్చు పాట యది.